మెరీనాకు చుట్టాలను తీసుకెళ్లే ముందు



పెళ్లికనో, ఆసుపత్రి పనికనో, తిరుపతి దర్శనమయ్యాక ఇటు ఒకసారి చూసిపోదామనో ఆంధ్రా నుంచి చుట్టాలు చెన్నై వస్తారు. వచ్చిన రెండో రోజు సాయంత్రానికి అడిగేది ఒకటే: "బీచికి ఎప్పుడు తీసుకెళ్తారు?" మనమూ తీసుకెళ్తాం. సమాధులు చూపిస్తాం, సుండల్ కొనిపెడతాం, పిల్లల్ని గుర్రం ఎక్కిస్తాం, మోకాళ్ల దాకా తడిసి, చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ ఇంటిదారి పడతాం. ఆ దారిలో ఎవరో ఒకరు అననే అంటారు: "ఒకప్పుడు ఈ ఊరంతా మనదేనంట కదా!"

ఆ మాటకు మన ఇళ్లలో సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. "అవును, చేతికందింది నోటికి రాకుండా పోయింది" అనే నిట్టూర్పు ఒకటి. "ఆ గొడవలన్నీ ఇప్పుడెందుకులే" అనే దాటవేత రెండోది. ఇక్కడే పుట్టి, ఇక్కడి బడుల్లో చదువుతున్న మన పిల్లలు ఈ రెండూ వింటూనే పెరుగుతున్నారు. మూడో జవాబు కూడా ఉంది. అది కాస్త పొడుగు. ఆ బీచి ఎలా ఏర్పడింది, అక్కడ ఎవరు ఏ పని చేశారు అన్నది చెప్పుకుంటే, "మనది" "మనది కాదు" అనే మాటల పట్టు దానంతట అదే సడలుతుంది. ఆ పొడుగు జవాబే ఈ వ్యాసం. ముందు సముద్రం సంగతి చెప్పుకుని, తర్వాత నేపియర్ వంతెన నుంచి లైట్‌హౌస్ దాకా నడుద్దాం.

రేవు లేని ఊరు

ఇంగ్లీషువాళ్లు వచ్చీ రాగానే మద్రాసులో దిగలేదు. తెలుగు తీరం వెంబడి ఒక్కో మెట్టే కిందికి దిగుతూ వచ్చారు. 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. 1626 ప్రాంతంలో నెల్లూరు సీమలోని దుగరాజపట్నం దగ్గర ఇంకొకటి పెట్టారు. దాన్ని వాళ్లు అర్మగాన్ అన్నారు. అక్కడ వ్యాపారం గిట్టుబాటు కాలేదు. ఫ్రాన్సిస్ డే ఇంకా దక్షిణానికి వెతుక్కుంటూ వచ్చి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఈ ఇసుక నేల మీద కోట కట్టుకునేందుకు అనుమతి సంపాదించాడు. దామెర్లవారు విజయనగర ప్రభువుల కింద ఈ ప్రాంతాన్ని ఏలిన తెలుగు నాయకులు. కొత్తగా వెలిసే ఊరికి తన తండ్రి చెన్నప్ప పేరు పెట్టాలని వెంకటాద్రి కోరాడనీ, అలా చెన్నపట్నం అయిందనీ ఒక కథనం. చెన్నకేశవస్వామి గుడి వల్ల ఆ పేరు వచ్చిందనేది మరో వాదన. ఏది నిజమైనా, 1996లో "మద్రాసు" తీసేసి అధికారికంగా "చెన్నై" పెట్టుకున్నప్పుడు, మన తాతలు ఉత్తరాల మీద రాసుకున్న పాత పేరే సగం తిరిగి వచ్చింది.

ఊరైతే వెలిసింది కానీ ఆ ఊరికి రేవు లేదు. ఇక్కడి తీరానికి అడ్డంగా కొండ గానీ, లోపలికి చొచ్చుకొచ్చిన అఖాతం గానీ లేవు. బంగాళాఖాతం అలలు నేరుగా వచ్చి ఒడ్డుకు కొంత దూరంలోనే వరసలు వరసలుగా విరుగుతాయి. పెద్ద నౌక ఏదైనా ఆ వరసలకు అవతల, లోతు నీళ్లలో లంగరు వేసుకుని ఆగవలసిందే. అక్కడి నుంచి మనుషులూ, బట్టల మూటలూ, ద్రాక్షసారా పీపాలూ, గవర్నరు దొరగారూ అందరూ మసూలా పడవల్లోనే ఒడ్డు చేరాలి.

మసూలా పడవ కట్టే తీరు తెలుసుకోదగింది. పలకలకు బెజ్జాలు చేసి కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. ఇనుప మేకు ఒక్కటీ ఉండదు. మేకులు దిగ్గొట్టిన గట్టి పడవ అల మీద నుంచి ఇసుక మీద పడితే పగిలిపోతుంది. కుట్టిన పడవ ఆ దెబ్బకు కొంచెం వంగి, కొంచెం సాగి, మళ్లీ నిలబడుతుంది. సన్నటి పొడుగాటి తెడ్లతో పది మంది దాకా వేసేవారు. అల వెనకనుంచి ఎప్పుడు ఎత్తుతుందో చూసి, ఆ ఎత్తు మీదే పడవను ఒడ్డుకు తోసేవారు. పక్కనే తెప్పల మీద మరికొందరు కనిపెట్టుకుని ఉండేవారు. మన తీరంలో తెప్ప అనేదాన్నే ఇక్కడ కట్టుమరం అంటారు. పడవ బోల్తా పడితే నీళ్లలో పడ్డవాళ్లను లాగి బతికించడం వాళ్ల పని. అలా ప్రాణాలు కాపాడినవారికి ప్రభుత్వం పతకాలు కూడా ఇచ్చేది. ఈ పడవ పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని కొందరంటారు. పేరు సంగతి ఎలా ఉన్నా, రెండు శతాబ్దాలకు పైగా ఈ నగరం బతుకు ఆ కుట్టు పడవల మీదా, వాటిని నడిపిన చేపలు పట్టే కుటుంబాల చేతుల మీదా ఆధారపడింది. కోట కట్టినవాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. తెడ్డు వేసినవాళ్ల పేర్లు లేవు.

ఒడ్డున దిగిన దొరకు మొదట కావలసింది దుబాసి. రెండు భాషలు తెలిసినవాడు, అంటే ద్విభాషి. కంపెనీకి తొలి రోజుల్లో అండగా నిలిచిన దుబాసీల్లో బేరి తిమ్మన్న పేరు ముందు వస్తుంది. తర్వాతి కాలంలో ఈ వృత్తి తెలుగు, తమిళ కుటుంబాలు రెంటినీ పైకి తెచ్చింది. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినవారే. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, ఆఫీసులో ఇంకో భాష మాట్లాడే మన అలవాటు నిన్న మొన్న పుట్టింది కాదు. ఈ ఒడ్డున అది అన్నం పెట్టిన విద్య.

రేవు కట్టారు, ఇసుక పెరిగింది

ఇప్పుడు మనం పిల్లలతో పరుగెత్తే ఆ ఇసుకంతా అనాదిగా అక్కడ ఉందనుకుంటాం. లేదు. పందొమ్మిదో శతాబ్దం మధ్య దాకా అలలు కోట గోడకు బాగా దగ్గరగా వచ్చేవి. మెరీనా దగ్గర కూడా ఒడ్డు ఇంత వెడల్పు లేదు.

1861లో సముద్రంలోకి పొడుగ్గా ఇనుప వంతెన ఒకటి వేశారు. అదీ చాలక, 1875లో వేల్స్ యువరాజు చేత శంకుస్థాపన చేయించి రేవు పని మొదలుపెట్టారు. సముద్రంలోకి రాతి గోడలు రెండు చేతుల్లా చాపారు. 1881 నవంబరు తుపాను ఆ గోడలను చెల్లాచెదురు చేసింది. మళ్లీ కట్టారు. ఆ గోడలు నౌకలకు నీడనిచ్చాయి. ఎవరూ అడగని పని ఇంకొకటి కూడా చేశాయి.

మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. ఆ తాకిడికి ఇసుక కొంచెం కొంచెంగా ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొంత వెనక్కి మళ్లినా, ఏడాది లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అలా నడుస్తున్న ఇసుకకు రేవు గోడ అడ్డం వచ్చింది. గోడకు దక్షిణాన ఇసుక పోగుపడి మెరీనా అయింది. గోడకు ఉత్తరాన ఉన్న రాయపురం, తిరువొత్తియూరు వైపు రావలసిన ఇసుక రాలేదు. సముద్రం అక్కడి నేలను కోసుకుంటూ పోయింది. ఇవాళ అక్కడ అలలకు అడ్డంగా గుట్టలు పోసిన బండరాళ్లు కనిపిస్తాయి. మెరీనాలో సగటున మూడు వందల మీటర్ల వెడల్పున పరుచుకున్న ఇసుక వెనక, ఉత్తర మద్రాసులో ఇళ్లు పోగొట్టుకున్న కుప్పాలు ఉన్నాయి. పిల్లలకు బీచి చూపించేటప్పుడు ఈ రెండో సగం కూడా చెప్పాలి.

విశాఖపట్నంలో మన బంధువులున్నవారు ఇదే కథ అక్కడా చూసి ఉంటారు. రేవు గోడలు ఇసుకను ఆపేస్తే రామకృష్ణా బీచి కోతకు గురవుతుంది. అందుకే అక్కడ తవ్విన ఇసుకను తెచ్చి ఒడ్డున పోస్తుంటారు. పుదుచ్చేరిలో కొత్త రేవు కట్టాక ఊరి ముందున్న ఇసుక ఒడ్డు పోయి రాళ్ల గుట్ట మిగిలింది. అలల లెక్కకు రాష్ట్రాల సరిహద్దులు లేవు.

1881 నుంచి 1886 దాకా గవర్నరుగా ఉన్న గ్రాంట్ డఫ్ ఈ పెరుగుతున్న ఒడ్డు చూసి ముచ్చటపడ్డాడు. 1884లో సముద్రం వెంబడి నడక బాట వేయించి, ఇటలీలో పలెర్మో పట్నపు సముద్ర తీరం గుర్తుకొచ్చి దానికి మెరీనా అని పేరు పెట్టాడు. అంటే పేరు సిసిలీది, ఇసుక దక్షిణపు తీరాలది, దాన్ని ఆపిన గోడ ఇంగ్లీషువాడిది, గోడకు రాళ్లు మోసిన చేతులు ఈ ఊరి కూలీలవి. దీన్ని ఏ ఒక్కరి సొత్తనీ చెప్పడం ఎలా?

నేపియర్ వంతెన నుంచి

ఇక నడక మొదలుపెడదాం. కూవం నది సముద్రంలో కలిసే చోట ఉన్న నేపియర్ వంతెన మొదట 1869లో కట్టింది. అక్కడి నుంచి దక్షిణానికి నడిస్తే సముద్రం ఎడమ చేతి వైపు, పాత భవనాలు కుడి చేతి వైపు ఉంటాయి. ఎడమ వైపున్న అణ్ణాదురై, ఎం.జి.ఆర్, జయలలిత, కరుణానిధి సమాధులను చుట్టాలు ఎలాగూ చూస్తారు. కుడి వైపు తల తిప్పేవాళ్లు తక్కువ. మన కథ ఎక్కువగా ఉన్నది అటే.

సెనేట్ హౌస్, ప్రెసిడెన్సీ కళాశాల రెండూ రాబర్ట్ చిషమ్ గీసిన నమూనాలు. సెనేట్ హౌస్ 1879 నాటికి పూర్తయింది. వాటి మధ్య ఉన్న చేపాక్ భవనం 1768లో ఆర్కాటు నవాబు కోసం కట్టింది. ప్రెసిడెన్సీ కళాశాల ఈ భవనంలోకి 1870లో వచ్చింది. అంతకు ముందే, అది వేరేచోట ఉన్న రోజుల్లో, అక్కడ తెలుగు చెప్పిన పండితుడు పరవస్తు చిన్నయ సూరి. బాలవ్యాకరణం 1858లో అచ్చయింది. మన తాతల కాలం దాకా తెలుగు బడుల్లో ఏది ఒప్పు, ఏది తప్పు అన్నది ఆ పుస్తకం చూసే తేల్చేవారు. ఆ వ్యాకరణం పుట్టింది రాజమండ్రిలోనో కర్నూలులోనో కాదు, ఈ ఊళ్లో. తర్వాత కొక్కొండ వెంకటరత్నం పంతులు అదే కళాశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. 1909లో తత్వశాస్త్రం చెప్పడానికి ఒక ఇరవై ఏళ్ల యువకుడు అక్కడ చేరాడు. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఊళ్లో తమిళం వింటూ పెరిగినవాడు దేశానికి రాష్ట్రపతి అయ్యాడు. ఆ తిరుత్తణి 1960లో సరిహద్దు సర్దుబాటులో ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. మనలాంటి కుటుంబాలు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారడం అంటే ఇదే.

ఆకుల కట్టలు

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనం 1936 నాటిది. ఆ భవనంలో చాలా ఏళ్లు ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉండేది. ఇప్పుడు అది కోట్టూరుపురంలోని అణ్ణా శతజయంతి గ్రంథాలయంలో ఉంది. దాని పునాది మూడు సేకరణల మీద పడింది: కాలిన్ మెకంజీది, జాన్ లేడెన్‌ది, సి.పి. బ్రౌన్‌ది. మెకంజీకి ఊరూరా తిరిగి శాసనాలు, కైఫీయతులు, తాటాకు ప్రతులు సేకరించిపెట్టినవారిలో ముఖ్యులు ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బ్రౌన్ కడపలో, మచిలీపట్నంలో, రాజమండ్రిలో ఉద్యోగం చేస్తూ సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తెలుగు కావ్యాలకు శుద్ధ ప్రతులు రాయించాడు. ఆ శ్రమంతా చివరికి చేరింది మద్రాసుకే. వేటూరి ప్రభాకరశాస్త్రి ఆ గ్రంథాలయంలో దాదాపు మూడు దశాబ్దాలు పనిచేసి, చెదలకు పోవలసిన ఎన్నో పద్యాలను వెలుగులోకి తెచ్చారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ తాటాకుల మీది అక్షరాలు మన ఇళ్లలో ఇప్పుడు ఎందరు చదవగలరు? మన పిల్లలు అమ్మతో, అవ్వతో తెలుగులోనే మాట్లాడతారు. "అక్షరం మాత్రం రాదు" అని మనమే నవ్వుతూ చెబుతాం. 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే, ఆ భాషే మనకు బతుకుతెరువు కూడా. దాని పక్కన తెలుగు అక్షరాలకు చోటు చూపించే బాధ్యత మాత్రం ఇంటి మీదా, మనలాంటి సంఘాల మీదా పడింది. బ్రౌన్ అనే పరదేశి జీతం ఖర్చుపెట్టి నిలబెట్టిన పుస్తకాలను, ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లు బొమ్మల్లా చూసి వెళ్లిపోవలసి వస్తే అంతకంటే నష్టం ఏముంటుంది?

ఇసుక మీద సభలు

మైకులు లేని రోజుల్లో ఊరంతా ఒక్కచోట చేరాలంటే బీచే గతి. ప్రెసిడెన్సీ కళాశాల ఎదుటి ఇసుక తిలక్ పేరుతో తిలక్ ఘట్టం అయింది. 1907 వేసవిలో బిపిన్ చంద్ర పాల్ ఈ తీరానికి వచ్చాడు. వచ్చింది ఆంధ్ర ఊళ్ల మీదుగానే. విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, మచిలీపట్నం తిరిగి, వెళ్లిన చోటల్లా వందేమాతరం నినాదం రగిలించి, ఆ వేడితోనే మద్రాసు బీచిలో ఉపన్యాసాలిచ్చాడు. రాజమండ్రిలో ఆయన మాటలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చేస్తే, మద్రాసు సభల వెనక యువకవి సుబ్రహ్మణ్య భారతి ఉన్నాడు. ఒకే మనిషి, ఒకే వేసవి, రెండు భాషల్లో ఒకే మంట. 1919 మార్చి 18న గాంధీ ఈ ఇసుక మీదే రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. 1923 మే 1న సింగారవేలు ఈ తీరంలో మేడే జరిపాడు. మన దేశంలో తొలి మేడేగా దాన్నే చెప్పుకుంటారు. ఇవాళ అక్కడ నిలబడి ఉన్న శ్రామికుల శిల్పాన్ని దేవీప్రసాద్ రాయ్ చౌధురి చెక్కారు. 1959లో ఆవిష్కరించారు. నలుగురు మనుషులు ఒక బండరాయిని పెకలిస్తున్న ఆ బొమ్మ చూసినప్పుడు, రేవు గోడకు రాళ్లు మోసినవాళ్లు గుర్తుకు రావాలి.

1930 ఏప్రిల్‌లో ఉప్పు సత్యాగ్రహం మద్రాసుకు వచ్చింది. సముద్రపు నీరు కాచి ఉప్పు తీసే పనికి ఇక్కడ ముందు నిలిచినవారిలో టంగుటూరి ప్రకాశం, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు, దుర్గాబాయి ఉన్నారు. ప్రకాశం అప్పటికే సైమన్ కమిషన్ నాడు పోలీసు తుపాకీ ముందు రొమ్ము విరిచి నిలబడి ఊరందరికీ తెలిసినవాడు. నాగేశ్వరరావు పంతులు అమృతాంజనం అమ్మిన డబ్బును ఆంధ్రపత్రికలో పోసినవాడు. దుర్గాబాయికి అప్పటికి ఇరవై ఏళ్లు. తిరువల్లిక్కేణి బీచిలో లాఠీలు విరిగాయి, ఆ నెలాఖరుకు కాల్పుల దాకా వెళ్లింది. అప్పుడు ఆ ఇసుక మీద దెబ్బలు తిన్నవాళ్లలో ఎవరు తెలుగు, ఎవరు తమిళం అని ఎవరూ లెక్కపెట్టుకోలేదు. దుర్గాబాయి తర్వాత 1937లో ఇదే ఊళ్లో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చదువుకు దూరమైన ఆడపిల్లలకు అది దారి చూపింది.

ఐస్‌హౌస్, రేడియో, లైట్‌హౌస్

ఇంకొంచెం దక్షిణానికి నడిస్తే గుండ్రటి ముఖంతో ఐస్‌హౌస్ కనిపిస్తుంది. ఇప్పటి పేరు వివేకానందర్ ఇల్లం. 1840లలో అమెరికాలోని బోస్టన్ నుంచి ట్యూడర్ కంపెనీ నౌకల్లో మంచు గడ్డలు తెచ్చి ఇక్కడ నిలవ చేసేది. ఆ గడ్డలను కూడా అలల మీదుగా పడవల్లోనే ఒడ్డు చేర్చాలి. ఈ ఊళ్లోనే మరలతో ఐసు తయారవడం మొదలయ్యాక ఆ వ్యాపారం ఆగిపోయింది. ఇల్లు బిలిగిరి అయ్యంగారు చేతికి వచ్చింది. 1897 ఫిబ్రవరిలో అమెరికా నుంచి తిరిగి వచ్చిన వివేకానందుడు అందులో బస చేశాడు. తర్వాత కొన్నాళ్లు సిస్టర్ సుబ్బలక్ష్మి బాలవితంతువుల కోసం అక్కడే ఆశ్రమం నడిపారు. నౌకల నుంచి ఐసు దించుకోవడానికి వీలుగా సముద్రం పక్కన కట్టిన ఆ ఇంటి మెట్ల మీద నిలబడి ఇప్పుడు అలలు ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. రేవు గోడ చేసిన పని కళ్లకు కడుతుంది.

అదే రోడ్డు మీద ఆకాశవాణి భవనం ఉంది. మద్రాసు కేంద్రం 1938 జూన్‌లో ఎగ్మూరులో మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 చివర్లో వచ్చేదాకా కోస్తా ఇళ్లలో వినిపించిన తెలుగు ఆకాశవాణి మద్రాసుదే. బాలాంత్రపు రజనీకాంతరావు లాంటివారు పాట కట్టడం నేర్చింది, నేర్పింది ఈ కేంద్రంలోనే. మన సంఘంలోని పెద్దల్లో చిన్నప్పుడు రేడియో తెలుగు విని అక్షరాలు గుర్తుపట్టినవాళ్లు ఇంకా ఉన్నారు.

చివరికి లైట్‌హౌస్. ఈ ఊరి దీపం నాలుగు చోట్లు మారింది. 1796లో కోటలోని ఒక మేడ మీద వెలిగింది. 1844లో ఇప్పటి హైకోర్టు ఆవరణలోని రాతి స్తంభం మీదికి, 1894లో హైకోర్టు గోపురం మీదికి మారి, 1977లో మెరీనా కొసకు వచ్చింది. లిఫ్టు ఉన్న లైట్‌హౌస్ కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా ఎక్కి చూడొచ్చు. అనుమతించే వేళలు మాత్రం ముందే కనుక్కుని వెళ్లండి. పైనుంచి ఉత్తరానికి చూస్తే రేవు, దాని ముందు దాకా పరుచుకున్న ఇసుక, ఇప్పటిదాకా చెప్పిన కథంతా ఒక్క చూపులో కనిపిస్తుంది.

1952 తర్వాత

ఆ లైట్‌హౌస్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, మైలాపూరు వైపు రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి ఇల్లు ఉండేది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న అక్కడ నిరాహార దీక్షకు కూర్చుని డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు రాలేదు. ఆ రోజుల్లో "మద్రాసు మనదే" అని వాళ్లూ వీళ్లూ ఇద్దరూ గోడల మీద రాశారు. ఉద్యోగాలున్నవాళ్లు, పత్రికలు, తర్వాత సినిమావాళ్లు ఒక్కొక్కరే మూట కట్టుకుని వెళ్లారు. మన కుటుంబాలు వెళ్లలేదు. కొట్టు ఇక్కడే, పొలం ఇక్కడే, పెద్దల సమాధులూ ఇక్కడే. పోయి చేసేదేముంది?

1968లో రెండో ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా బీచి పొడుగునా విగ్రహాలు వెలిశాయి: తిరువళ్లువర్, అవ్వైయార్, కంబన్, భారతి, కణ్ణగి. వాటితోపాటు పరదేశాల నుంచి వచ్చి తమిళానికి సేవ చేసిన పోప్, కాల్డ్‌వెల్, వీరమామునివర్. "మనవాళ్ల విగ్రహం ఒక్కటైనా లేదే" అని మన గుంపులో అప్పుడప్పుడూ ఎవరో ఒకరు బాధపడుతుంటారు. తమిళ సభ జరుపుకున్నవాళ్లు తమిళానికి పనిచేసినవాళ్లను నిలబెట్టుకున్నారు. అందులో మనం చిన్నబుచ్చుకోవలసింది లేదు. పరదేశిని కూడా భాషకు చేసిన పనిని బట్టి పక్కన నిలబెట్టుకున్న ఆ పద్ధతి నేర్చుకోదగింది. చిన్నయ సూరికి, బ్రౌన్‌కు, వేటూరికి మనం చేయగల విగ్రహం వాళ్లు దాచిన అక్షరాన్ని పిల్లల చేత చదివించడమే.

అందుకని, "ఈ ఊరంతా మనదేనంట కదా" అని ఈసారి చుట్టాలు అడిగితే ఇలా చెబుదాం: ఈ ఊరు మనదొక్కరిదే ఎప్పుడూ కాదు. మనం లేకుండా కూడా ఇది లేదు. ఈ ఇసుక లాగే మనవాళ్లూ దిక్కులు మారుతూ వచ్చి ఇక్కడ ఆగారు. ఆగినచోట పని చేశారు. ఆ పని గుర్తులు ఇదిగో, రోడ్డుకు కుడి చేతి వైపు ఉన్నాయి.

సభ్యులకు రెండు మాటలు

మొదటిది, పిల్లలతో వెళ్లేవారికి. మసూలా పడవలను బోల్తా కొట్టిన అలలే ఇవి. ఒడ్డు దాటగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, వెనక్కి లాగే నీరు బలంగా ఉంటుంది. ఈత వచ్చినా సరే, స్నానానికి దిగవద్దన్న హెచ్చరికను దాటకండి. పాదాలు తడుపుకుంటే చాలు. 2004 డిసెంబరు 26 ఉదయం ఈ సముద్రం ఏం చేసిందో ఇక్కడివాళ్లెవరినైనా అడగండి.

రెండోది, ఇంట్లో ఉన్న కాగితాల గురించి. తాతగారి తెలుగు చిట్టా పుస్తకాలు, దస్తావేజులు, 1952 నాటి ఉత్తరాలు, బీచిలో తీసుకున్న పాత ఫోటోలు, పేర్లు రాసిన పెళ్లి శుభలేఖలు చాలా ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. చదవగలిగిన చివరి మనిషి పోగానే అవి కిలోల లెక్కన పాత పేపర్ కొట్టుకు వెళుతున్నాయి. ఇల్లు మారేటప్పుడు, పెట్టె ఖాళీ చేసేటప్పుడు ఒక్క ఫోను చేయండి. మేము వచ్చి ఫోటోలు తీసుకుని, వాటిలో ఏముందో మీ పిల్లలకు చదివి వినిపించి, కాగితాలు మీకే తిరిగి ఇస్తాం. ఇంట్లో తెలుగు చదవగలిగిన పెద్దవారు ఉంటే, మేము వచ్చేదాకా ఆగకుండా ఈ ఆదివారమే ఒక ఉత్తరం బయటికి తీసి, మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి.